ఏడో నంబరు వాల్వు ఫైలు

నీలగెడ్డ పురపాలక సంఘం కమిషనరు చిద్విలాసరావు గారు మూడు రోజుల శిక్షణ కోసం హైదరాబాదు వెళ్లి, నాలుగో రోజు జ్ఞానిగా తిరిగివచ్చారు. వెళ్లేటప్పుడు ఆయన మామూలు మనిషే. మధ్యాహ్నం మూడు దాటితే ఇంటిమీద ధ్యాస, నాలుగు దాటితే టీ మీద ధ్యాస. తిరిగొచ్చాక మాత్రం గదిలో అడుగుపెడుతూనే టేబులునూ బీరువానూ గోడ గడియారాన్నీ మంచినీళ్ల కూజానూ ఒకసారి కలయజూసి, "పాపం, వీటిలో ఒక్కదానికీ ఫైలు లేదు" అని నిట్టూర్చారు.

జరిగిందేమిటంటే, శిక్షణలో రెండో రోజు ఒక కంప్యూటరు పండితుడు పాఠం చెప్పాడు. కంప్యూటరుకు కీబోర్డు, ప్రింటరు, తెర, మౌసు, డిస్కు, ఇలా సవాలక్ష పరికరాలు ఉంటాయి. ఒకదాని తీరు ఒకదానికి ఉండదు. అయినా లోపల కూర్చుని పెత్తనం చేసే ఆపరేటింగ్ సిస్టమ్ కంగారు పడదు. ప్రతి పరికరాన్నీ ఒక ఫైలుగా చూపించేస్తుంది. దేనితో పనిపడినా అవే నాలుగు పనులు: ఫైలు తెరువు, చదువు, రాయి, మూసెయ్యి. ప్రింటరు ఫైల్లో రాస్తే కాగితం మీద అచ్చుపడుతుంది. కీబోర్డు ఫైలు చదివితే ఎవరో నొక్కిన అక్షరం కనబడుతుంది.

ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక పాఠం కమిషనరు గారి మనసుకు ఇంతగా హత్తుకోవడం అదే మొదలు. తెరవడం, చదవడం, రాయడం, మూయడం తప్ప ఆయన మాత్రం ఇన్నాళ్లూ చేసిందేమిటి? ప్రపంచం మెచ్చుకుంటున్న యంత్రం అచ్చం తనలాగే పనిచేస్తోందని తెలిసి ఆయనకు కళ్లు చెమర్చాయి. పండితుడు పాఠంలో రెండో సగం మొదలుపెట్టే వేళకు బయట సమోసాలు వచ్చాయి. కమిషనరు గారు సమోసాల వైపు వెళ్లారు. ఈ కథలోని కష్టాలన్నిటికీ ఆ సమోసాలే మూలం.

ఆ కష్టాలు వచ్చి పడింది సూరిదేముడి నెత్తిన. సూరిదేముడు నీలగెడ్డ మున్సిపాలిటీలో టర్న్‌కాక్, అంటే వీధులకు నీళ్లు వదిలేవాడు. ఇరవై ఆరేళ్లుగా తెల్లవారి అయిదున్నరకు, భుజం ఎత్తున ఉండే ఇనుప తాళం ఒకటి మోసుకుంటూ వెళ్లి, రోడ్డు పక్క గుంతలో ఉన్న వాల్వుకు దాన్ని తగిలించి తిప్పుతాడు. ఊళ్లో వాల్వులు పదకొండు. అందులో పది ఎప్పుడో సగం తెరుచుకుని, తుప్పుపట్టి, అలాగే ఉండిపోయాయి. కింది వీధుల వాళ్లకు ఎవరు తిప్పినా తిప్పకపోయినా సన్నధార వస్తూనే ఉంటుంది. తిప్పాల్సిందల్లా ఏడో నంబరు ఒక్కటే. కొండవాలున ఉన్న మెట్టవీధికి, అక్కడి నూట నలభై ఇళ్లకు నీళ్లు ఎక్కాలంటే అదొక్కటే దారి.

ఆ ఏడో నంబరుతో ఒక పేచీ ఉంది. కాంట్రాక్టరు దాన్ని తిరగేసి బిగించాడు. సంగతి ప్రారంభోత్సవం అయ్యాక తేలింది కనుక ఎవరూ మాట్లాడలేదు. లోకంలో వాల్వులన్నీ ఎడమకు తిప్పితే తెరుచుకుంటాయి, అది మాత్రం కుడికి తిప్పాలి. పదకొండు చుట్లు కుడికి, ఆపైన ఒక పావు చుట్టు వెనక్కి. ఆ పావు మరిచిపోతే పైపులో గాలి పట్టి, మెట్టవీధి కుళాయిలు ఈల వేస్తాయి తప్ప నీళ్లివ్వవు. ఇదంతా ఎక్కడా రాసి లేదు. సూరిదేముడు ఇనుప తాళానికి చెవి ఆనించి, లోపల నీటి చప్పుడు విని తెలుసుకునేవాడు. మెట్టవీధిలో ఆఖరి ఇల్లు అతనిదే. ఆఖరున నిండే బిందె అతని భార్య బంగారమ్మది. ఆ బిందె నిండితే ఊరికి తన పని చక్కగా చేసినట్టు అతని లెక్క.

కమిషనరు గారు వచ్చిన మర్నాడే సిబ్బంది సమావేశం పెట్టారు. మేనేజరు పరదేశి గారు సర్క్యులరు చదివారు. పరదేశి గారు ఏ ఉత్తర్వునూ కాదనరు, ఏ ఉత్తర్వునూ నమ్మరు. అందుకే ఆయనకు బీపీ లేదు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, రేపటి నుండి ఈ కార్యాలయమునందు వస్తువులు ఉండవు. ఫైళ్లు మాత్రమే ఉండును. ఫైలు ద్వారా గాక వస్తువును నేరుగా ముట్టుకొనుట, తిప్పుట, నొక్కుట, త్రాగుట మొదలగు చర్యలు క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును."

"తాగడం అంటే మంచినీళ్లు కూడానా సార్?" అని ఎవరో అడిగారు.

"కూజా ఫైలు తెరవండి. ఒక గ్లాసు అని నోటు రాయండి. సంతకాలయ్యాక తాగండి. ఆ తరవాత ఫైలు మూసెయ్యండి" అన్నారు కమిషనరు గారు. "మూయడం ముఖ్యం. ఎవరైనా తెరిచి మూయకపోతే ఆ పరికరం బిజీగా ఉన్నట్టు లెక్క. అది మూసేదాకా ఇంకెవరూ దాని జోలికి పోరాదు. ఇది నా మాట కాదు, సిస్టమ్ మాట."

కంప్యూటరు ఆపరేటరు ఝాన్సీ లేచి నిలబడింది. ఆ కార్యాలయంలో కంప్యూటరు గురించి తెలిసిన మనిషి ఆవిడొక్కతే, పర్మనెంటు కానిది కూడా ఆవిడొక్కతే. "సార్, కంప్యూటర్లో పరికరం ఫైలంటే అది పైకి కనిపించేది మాత్రమే సార్. దాని వెనకాల..."

"వెనకాల ఏముందన్నది మన పరిధిలోకి రాదమ్మా. ముందర ఏముందో అది చూడు. కూర్చో."

ప్రతి ఫైలుకూ అనుమతుల పట్టిక తయారైంది. అనుమతులు మూడు రకాలు: చదవడం, రాయడం, నడపడం. మనుషులూ మూడు రకాలు: సొంతదారు, వర్గం, మిగతా ప్రపంచం. సొంతదారు అంటే కమిషనరు గారు. వర్గం అంటే సిబ్బంది. ఊళ్లో జనమంతా మిగతా ప్రపంచం. ఊరి కుళాయిల మీద మిగతా ప్రపంచానికి చదివే అనుమతి మాత్రం ఇచ్చారు.

గుమ్మం దగ్గర నిలబడి ఉన్న సూరిదేముడు చేతులు నలుపుకుంటూ అడిగాడు. "బాబూ, వాల్వు కూడా ఫైలేనా బాబూ?"

"వాల్వులు, తూములు, పంపులు, అన్నీ ఫైళ్లే" అన్నారు కమిషనరు గారు ఉదారంగా.

మొదటి వారం ఉత్సాహంగా గడిచింది. టైమెంతయిందో తెలుసుకోవాలంటే గడియారం ఫైలు చదవాలి. గుమస్తా ఫైలు తెరిచి, గడియారం చూసి, టైము రాసి, మేనేజరు గారి సంతకానికి పెట్టి, అది కిందికి దిగివచ్చేసరికి రెండు రోజులు పట్టేది. అందువల్ల ఫైలు ప్రకారం బుధవారం మధ్యాహ్నం కూడా సోమవారం పదింబావే అయ్యేది. హాజరుపట్టీలో అదే వేశారు. మున్సిపాలిటీ పుట్టాక ఒక్కరూ ఆలస్యంగా రాని వారం అదొక్కటే.

ఫ్యాను సంగతి ఇంకా బాగుంది. ఒక గుమస్తా ఫ్యాను ఫైలు తెరిచి, అయిదో నంబరు వేగం అని రాయించుకుని, మూయకుండానే బావమరిది పెళ్లికి వెళ్లిపోయాడు. ఫ్యాను బిజీ. నాలుగు రోజులపాటు గదిలో కాగితాలు గాల్లో తేలాయి. అందరూ మోచేతులతో నోటుషీట్లు తొక్కిపట్టి, గడ్డంతో పేజీలు తిప్పుతూ పనిచేశారు. స్విచ్చు చేతికందే దూరంలోనే ఉంది. అయినా ఒక్కరూ క్రమశిక్షణ తప్పలేదు.

అర్జీలు మాత్రం కుప్పపడ్డాయి. వాటినేం చేయాలని పరదేశి గారు అడిగితే, కమిషనరు గారు ఝాన్సీని పిలిపించారు.

"కంప్యూటర్లో ఇలాంటివి వస్తే ఎక్కడ పెడతారమ్మా?"

ఝాన్సీకి అప్పటికే విసుగు ముదిరింది. "దానికీ ఒక ఫైలుంది సార్. దాంట్లో ఎంత రాసినా పుచ్చుకుంటుంది. ఎన్నిసార్లు చదివినా ఏమీ రాదు. ఎప్పటికీ నిండదు కూడా" అంది.

కమిషనరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఇన్నాళ్లూ ఇది మాకెందుకు చెప్పలేదు?" అన్నారు గద్గద స్వరంతో. ఆ సాయంత్రమే వరండాలో, అడుగు లేని ఒక చెక్కపెట్టె, దాని కింద ఒక గోతం, పైన 'శూన్య ఫైలు' అనే బోర్డు వెలిశాయి. మర్నాటికల్లా నీలగెడ్డలో పెండింగు అర్జీ ఒక్కటి లేదు. జిల్లా నుంచి అభినందన ఉత్తరం వచ్చింది.

ఇక ఏడో నంబరు వాల్వు. దాని ఫైల్లో రోజూ 'తెరువు' అని నోటు లేచి, మూడు బల్లలు దాటి, మిట్టమధ్యాహ్నానికి కమిషనరు గారి పచ్చసిరా సంతకం పడేది. సూరిదేముడికి ఇదంతా తెలుసు. కానీ తెల్లవారి అయిదున్నరకు కాళ్లు వాటంతటవే వాల్వు దగ్గరికి నడిచేవి. ఫైలు కోసం ఆగితే మెట్టవీధిలో పిల్లలకు స్నానాలెలా, బడి ఎలా? ఎవరికీ చెప్పకుండా పదకొండు చుట్లు తిప్పేవాడు, పావు వెనక్కి తెచ్చేవాడు. గంటన్నర వదిలి, మళ్లీ బిగించి వచ్చేవాడు. మధ్యాహ్నం ఫైలు చూస్తే నీళ్లు వచ్చినట్టే ఉండేది. బయట చూసినా వచ్చినట్టే ఉండేది.

కమిషనరు గారు పైకి పంపిన నివేదికలో ఇలా రాశారు: "మధ్యాహ్నము పన్నెండు గంటలకు సంతకము కాబోవు ఉత్తర్వును నీరు ఉదయము అయిదున్నరకే ముందుగా గ్రహించి పాటించుచున్నది. వ్యవస్థ యొక్క సామర్థ్యమునకు ఇంతకన్న నిదర్శనము అనవసరము."

తరవాత ఆయన సూరిదేముణ్ణి పిలిపించారు.

"సూరిదేముడూ, నువ్వేం పని చేస్తావ్?"

"వాల్వు తిప్పుతాను బాబూ."

"ఫైల్లో తెరువు అని ఎవరు రాస్తున్నారు?"

"తవరే బాబూ."

"రాస్తే నీళ్లు వస్తున్నాయా లేదా?"

"వొస్తన్నాయి బాబూ."

"మరి మధ్యలో నువ్వెందుకు?"

సూరిదేముడు ఇరకాటంలో పడ్డాడు. ఉత్తర్వు లేకుండా తిప్పానంటే తప్పు, తిప్పలేదంటే అబద్ధం. ఇన్నేళ్ల ఉద్యోగంలో తన పని గురించి అతను నోరు విప్పాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు. "నానేటి సెప్పగలను బాబూ" అన్నాడు చివరికి.

"చూశారా, ఇతనికే తెలియదు" అన్నారు కమిషనరు గారు పరదేశి గారితో.

ఇనుప తాళాన్ని స్వాధీనం చేసుకున్నారు. దానికీ ఒక ఫైలు తెరిచి, ఎర్ర ట్యాగుతో రెండుచోట్ల కట్టి, రికార్డు గదిలో బీరువాకు ఆనించి నిలబెట్టి, గదికి తాళం వేశారు. సూరిదేముణ్ణి శూన్య ఫైలు దగ్గర స్టూలు వేసి కూర్చోబెట్టారు. జనం తెచ్చిన అర్జీలు అందులో వేయడం, వేసినవి బయటికి రాకుండా చూడడం అతని డ్యూటీ. ఇరవై ఆరేళ్లుగా ఇనుము పట్టిన చేతులు ఒళ్లో ఖాళీగా పడుంటే అతనికి సిగ్గేసింది. ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు పొద్దున్న మెట్టవీధి కుళాయి ఈల కూడా వేయలేదు. బంగారమ్మ ఖాళీ బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏటి మావా, ఈయేల పడుకుండిపోనావేటి?"

"తాళం లాగీసుకున్నారే. నాను తిప్పక్కర్నేదంట. ఫైలు తిప్పుతాదంట."

"ఫైలుకి సేతులున్నాయేటి?"

ఆ ప్రశ్న మున్సిపాలిటీలో ఇంతవరకూ ఒక్కరికీ తట్టలేదు. సూరిదేముడు చొక్కా తగిలించుకుని, శూన్యానికి కాపలా కాయడానికి వెళ్లిపోయాడు. బంగారమ్మ మూడు వీధులు దిగి, కింది కుళాయి దగ్గర గంటసేపు నిలబడి, బిందె నెత్తిన పెట్టుకుని కొండవాలు ఎక్కింది. సాయంత్రం ఆవిడ మెడ పట్టేసి తల తిప్పలేకపోతుంటే సూరిదేముడు అన్నం మానేసి ఆముదం కాచి రాశాడు.

మూడు రోజులు చూసి, మెట్టవీధి ఆడవాళ్లంతా బిందెలతో ఆఫీసు మీదికి వచ్చారు. కమిషనరు గారు కోప్పడలేదు. వాళ్లందరినీ నీడలో నిలబెట్టి, మెట్టవీధి కుళాయి ఫైలు తెప్పించి చదివించారు.

"తేదీ పద్నాలుగు, నీళ్లు వచ్చినవి. తేదీ పదిహేను, నీళ్లు వచ్చినవి. తేదీ పదహారు, నీళ్లు ధారాళముగా వచ్చినవి" అని పరదేశి గారు తడుముకోకుండా చదివారు.

"విన్నారు కదా? ఫైలు ప్రకారం మీ బిందెలు నిండాయి" అన్నారు కమిషనరు గారు.

"అయితే బాబూ, ఆ ఫైలు మాకిచ్చీండి" అంది బంగారమ్మ. "పట్టుకెల్లి పప్పులో పోసుకుంతాం."

"మిగతా ప్రపంచానికి చదివే అనుమతే ఉందమ్మా, తీసుకెళ్లే అనుమతి లేదు. అర్జీ పెట్టుకోండి."

అర్జీ రాయించారు. నూట నలభై సంతకాలూ వేలిముద్రలూ పెట్టారు. తీసుకెళ్లి శూన్య ఫైలు దగ్గర ఇమ్మంటే బంగారమ్మే వరండాలోకి వచ్చి, స్టూలు మీద కూర్చున్న మొగుడి చేతిలో పెట్టింది.

"జాగర్త మావా. మనందరి ఏలిముద్దరలూ ఉన్నాయి" అంది.

సూరిదేముడు అర్జీ పట్టుకుని ఆ అడుగు లేని పెట్టెవంక చూశాడు. కిందనున్న గోతం శనివారం శనివారం పకోడీలబండి వాడు పట్టుకుపోతాడని అతనికి తెలుసు. మొదటి వేలిముద్ర బంగారమ్మదే, సిరా ఇంకా ఆరలేదు. చుట్టూ చూశాడు. అర్జీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దోపుకున్నాడు. సర్వీసులో అతను చేసిన మొదటి తప్పు అదే. అది చేశాక మనసు ఎందుకో తేలికపడింది.

ఈలోగా నివేదిక పైన చదివారు. పై నుంచి జాయింట్ డైరెక్టరు శారదామణి గారు స్వయంగా వచ్చి చూస్తామన్నారు. నచ్చితే రాష్ట్రమంతటా నీలగెడ్డ పద్ధతి పెడతారట. కమిషనరు గారికి నిద్రపట్టలేదు. ఆఫీసు ఆవరణలో పాత ఫౌంటెన్ పక్కన వేదిక కట్టించారు. ఆ ఫౌంటెన్ పద్నాలుగేళ్ల క్రితం ప్రారంభోత్సవం రోజున ఒక పావుగంట పనిచేసింది. దాని మీద ఇప్పుడు బట్టలారేస్తున్నారు.

కార్యక్రమం ఇలా వేశారు. జాయింట్ డైరెక్టరు గారి సమక్షంలో కమిషనరు గారు ఏడో నంబరు వాల్వు ఫైల్లో 'తెరువు' అని రాస్తారు. మెట్టవీధిలో నీళ్లు వస్తాయి. అక్కడినుంచి ఫోనులో ఆ సంగతి మైకులో వినిపిస్తారు. చప్పట్లు కొట్టడానికి మెట్టవీధి వాళ్లనే ఖాళీ బిందెలతో సహా ఆటోల్లో తెప్పించారు.

ముందురోజు పరదేశి గారు మెల్లగా గొంతు సవరించుకున్నారు. "సార్, ఫైలు మీద నాకు పూర్తి విశ్వాసం ఉంది. ఎందుకైనా మంచిది, ఫైలుకు తోడుగా ఒక మనిషిని వాల్వు దగ్గర ఉంచితే?"

"తోడుగా అయితే అభ్యంతరం లేదు" అన్నారు కమిషనరు గారు. "అయితే సూరిదేముడు వద్దు. అతనికి పని తెలియదు." ఇనుప తాళం ఫైలు తన పేరునే తెరిపించి, తాళాన్ని దఫేదారు నూకరాజు చేతికి ఇప్పించారు. నూకరాజు కమిషనరు గారి గది ముందు అడ్డపట్టీ వేసుకుని నిలబడే మనిషి. ఒళ్లు పుష్టి, గొంతు పుష్టి.

పదిన్నరకు సభ మొదలైంది. జాయింట్ డైరెక్టరు గారు దండలో కూర్చున్నారు. కమిషనరు గారు ఫైలు తెరిచి, పచ్చసిరా కలంతో 'తెరువు' అని రాసి, అందరికీ కనబడేలా ఎత్తి చూపించారు. చప్పట్లు మోగాయి. మైకు దగ్గర ఫోను పట్టుకున్నవాడు మెట్టవీధి కుళాయి దగ్గరున్నవాణ్ణి అడిగాడు, "వచ్చాయా?" అని.

"నేదు బాబూ" అని ఆ మాట ఆవరణ అంతటా మైకులో వినిపించింది.

ఆఫీసు ఎదుట రోడ్డు పక్క వాల్వు గుంత దగ్గర నూకరాజు లోకరీతిన తాళాన్ని ఎడమకు తిప్పుతున్నాడు. బిగించి ఉన్న వాల్వు ఇంకా బిగుసుకుంది. చొక్కా విప్పి తిప్పాడు, దండం పెట్టి తిప్పాడు. కదల్లేదు. తెరవమని ఉత్తర్వు ఉన్నప్పుడు ఏదో ఒకటి తెరవకుండా తిరిగివెళ్లడం నూకరాజుకు చేతకాదు. పక్క గుంతలో నంబరు లేని వాల్వు ఒకటి కనబడింది. తాళం తగిలించి ఒక్క ఊపు ఊపాడు. అది గిర్రున తిరిగి, పైనున్న ఇరుసు విరిగి చేతిలోకి వచ్చింది.

అది ఫౌంటెన్ వాల్వు.

పద్నాలుగేళ్లు ఊరుకున్న ఫౌంటెన్ ముందు దగ్గింది. తరవాత తుప్పునీళ్లు కక్కింది. ఆపైన తాటిచెట్టెత్తున లేచి, గాలివాలుకు వేదిక మీదికి ఒరిగింది. షామియానా కూలింది. జాయింట్ డైరెక్టరు గారి మెడలో దండ మాత్రం తాజాగా కళకళలాడింది. కమిషనరు గారి చేతిలో ఫైలు నానిపోయి, పచ్చసిరా కారి మోచేతుల దాకా పాకింది. మెట్టవీధి వాళ్లు చప్పట్లు ఆపేసి, బిందెలు పట్టడానికి పరిగెత్తారు.

"మూసెయ్యండి! మూసెయ్యండి!" అని అరిచారు కమిషనరు గారు.

"దేంట్లో రాయమంటారు సార్? ఈ వాల్వుకు ఫైలు లేదు" అన్నారు పరదేశి గారు.

"ఫైలు లేకపోతే ఈ నీళ్లు లేనట్టే!"

"అవును సార్" అన్నారు పరదేశి గారు కళ్లజోడు తుడుచుకుంటూ.

వరండా చూరు కింద, తడవకుండా నిలబడిన మనిషి సూరిదేముడు ఒక్కడే. జాయింట్ డైరెక్టరు గారు తలదాచుకోవడానికి అక్కడికే వచ్చారు. అతనికి ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ చదివారు. నూట నలభై ఇళ్లు, మూడు రోజులు, చుక్క నీరు లేదు.

"ఇది ఎక్కడిది?"

"శూన్య ఫైలుదమ్మగోరూ."

ఆవిడ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. "కమిషనర్ గారూ! శూన్య ఫైల్లో వేసిన కాగితం బయటికెలా వచ్చింది? మీ శూన్యం లీకవుతోందండీ! ఇది చాలా తీవ్రమైన విషయం. వెంటనే సంజాయిషీ రాయండి."

"దానిమీద విచారణ సంఘం వేస్తాను మేడమ్" అన్నారు కమిషనరు గారు తల తుడుచుకుంటూ. సంఘంలో ఎందరుండాలన్న దానిమీద ఇద్దరూ అక్కడే చర్చలోకి దిగారు. నీళ్ల సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

సూరిదేముడు బిక్కమొహం వేశాడు. అప్పుడు బంగారమ్మ తడిసిన చీరతో, నిండిన బిందెతో పక్కకు వచ్చింది.

"మావా, ఆల్లలా మాటాడుకుంతారు. నువ్వెల్లు."

"నాకు అనుమతి నేదే. నడిపే అనుమతి నేదు."

"మెట్టయీది మొత్తానికి నీల్లు తిప్పడానికి నీకొకడు సెప్పాలేటి? నీకు రాదేటి తిప్పడం?"

ఆ మాటకు సూరిదేముడి కాళ్లు కదిలాయి. వాల్వు దగ్గరికి వెళ్లేసరికి నూకరాజు విరిగిన ఇరుసు ఒళ్లో పెట్టుకుని ఏడుపుమొహంతో కూర్చున్నాడు.

"ఎడంపక్కకి ఎంత తిప్పినా కదల్నేదు దేముడూ."

"అదంతే. దానిది కుడి" అన్నాడు సూరిదేముడు. తాళం చేతిలోకి రాగానే అతనికి గుండె నిండిపోయింది. ఏడో నంబరుకు తగిలించి, చెవి ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఒకటి, రెండు, మూడు. పదకొండు చుట్లు. ఇనుములోంచి నీటి చప్పుడు మెల్లగా పైకెక్కింది. పావు వెనక్కి. ఆవరణలో పోటు తగ్గిన ఫౌంటెన్ మోకాలెత్తుకు దిగి, బుద్ధిగా చిమ్మసాగింది. పైన మెట్టవీధిలో కుళాయిలు ఒక్క ఈల వేసి, ధారగా పోశాయి. ఫోనులో అవతలివాడు సంతోషంతో అరిచిన కేక మైకులో ఊరంతా వినిపించింది.

జాయింట్ డైరెక్టరు గారు వాచీ చూసుకున్నారు. "రాసింది పదీ నలభైకి. వచ్చింది పదకొండూ పదికి. ఆలస్యం ఎందుకైంది?"

అప్పుడు ఝాన్సీ ముందుకు వచ్చింది. శిక్షణలో పంచిన పుస్తకాన్ని టైపు చేయమని కమిషనరు గారే ఆవిడకు ఇచ్చారు. రెండో సగం పేజీలు ఒకదానికొకటి అతుక్కుని, కొత్తగానే ఉన్నాయి. ఆవిడ వాటిని విడదీసి చదివింది: "ప్రతి పరికరం ఫైలు వెనకా ఆ పరికరం స్వభావం తెలిసిన చిన్న ప్రోగ్రాము ఒకటి పనిచేస్తూ ఉంటుంది. ఏ పరికరాన్ని ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో దానికే తెలుసు. అది లేకపోతే ఫైలు వట్టి పేరు మాత్రమే."

అందరూ వాల్వు గుంత వైపు చూశారు. సూరిదేముడు తాళం భుజాన వేసుకుని వస్తున్నాడు. కమిషనరు గారు అతన్ని తలనుంచి కాళ్లదాకా చూశారు. అప్పుడు ఆయన ముఖం మీద, హైదరాబాదు నుంచి వచ్చిననాటి వెలుగే మళ్లీ వచ్చింది.

"అంటే, సూరిదేముడికి కూడా ఒక ఫైలు తెరవాలన్నమాట!" అన్నారు.

జాయింట్ డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు.

నెల తిరక్కుండా పై నుంచి ఉత్తర్వు వచ్చింది. నీలగెడ్డ పద్ధతి విజయవంతమైనందున, ప్రతి పురపాలక సంఘమునందును వాల్వు ఒక్కింటికి ఒక సూరిదేముడు చొప్పున ఏర్పాటు చేసుకొనవలెను. సూరిదేముళ్లు ఎక్కడ దొరుకుతారో తెలుపగలరని చుట్టుపక్కల మున్సిపాలిటీల నుంచి ఉత్తరాలు వచ్చాయి. పరదేశి గారు వాటిని చదివి, ఒక్కొక్కటిగా శూన్య ఫైల్లో వేశారు. చిద్విలాసరావు గారికి హైదరాబాదులో ఆచార్య పదవి దక్కింది. ఇప్పుడు ఆ పాఠం ఆయనే చెబుతున్నారు, సమోసాలు వచ్చేదాకా.

ఇనుప తాళం ఫైలు ఆయన పేరున తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మూయకుండా వెళ్లిపోయారు. కాబట్టి తాళం ఇప్పటికీ బిజీ. దాన్ని సూరిదేముడికి తిరిగి ఇచ్చినట్టు రాయడానికి లేదు. రికార్డు ప్రకారం అది బీరువాకు ఆనించి, ఎర్ర ట్యాగుతో కట్టి ఉంది. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ ఫైలు చదివి, తృప్తిపడి వెళతారు.

తెల్లవారి అయిదున్నరకు సూరిదేముడు ఆ తాళంతోనే పదకొండు చుట్లు తిప్పి, పావు వెనక్కి తెచ్చి, దాన్ని భుజాన వేసుకుని కొండవాలు ఎక్కి ఇంటికి వస్తాడు. బంగారమ్మ కుళాయి దగ్గర నిలబడి రోజూ అదే ఏడిపిస్తుంది.

"ఏటి మావా, ఈయేల ఫైలొచ్చిందేటి?"

"ఫైలు మజ్జాన్నం వొస్తాదిలే. ముందు నువ్వు బిందె ఎట్టీ" అంటాడు సూరిదేముడు.